క్రాపింగ్, మాస్కింగ్ వచ్చిన అబ్బాయిని వీఎఫ్‌ఎక్స్ కోర్సులో చేర్పించవచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్. మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. సెలవుల్లో తెలిసినవాళ్ల ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాడు. ఫొటోలను క్రాప్ చేయడం, మాస్కింగ్ చేయడం బాగా వచ్చేశాయని, ఇంజినీరింగ్ వద్దని, హైదరాబాద్‌లో ఏడాది వీఎఫ్‌ఎక్స్ (సినిమా దృశ్యాలకు కంప్యూటర్‌లో మార్పులు, చేర్పులు చేసే విజువల్ ఎఫెక్ట్స్) కోర్సులో చేరతానని పట్టుబడుతున్నాడు. ఫీజు లక్షన్నర రూపాయలు. చేర్పించవచ్చా?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పిన రెండు పనులనూ ముందు విడదీసి చూడాలి. క్రాపింగ్ వచ్చేసిందంటే నమ్మవచ్చు, ఎందుకంటే ఆ పరికరాన్ని వాడటం ఒక పూటలో పట్టుబడుతుంది. మాస్కింగ్ వచ్చేసిందంటే మాత్రం పరీక్షించి చూడవలసిందే. ఏళ్ల తరబడి ఆ పని చేసినవారు కూడా అంత తేలికగా అనని మాట అది.

క్రాపింగ్ అంటే చిత్రం అంచులను నిలువుగానో అడ్డంగానో తగ్గించడం. కత్తెరతో కోసిన ఫొటో మళ్లీ అతకదు గానీ, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్రాప్ చేసిన భాగం కనబడకుండా ఉంటుందే తప్ప మూల ఫైలు చెక్కుచెదరదు. కాబట్టి ఇందులో నేర్పు కోయడంలో లేదు, ఎంత కోస్తే ఏం మిగులుతుందో ముందే లెక్క కట్టడంలో ఉంది. పెళ్లివారు ఇప్పుడు పెద్ద వీడియోతో పాటు ఫోనులో చూసుకునే నిలువు వీడియో కూడా అడుగుతున్నారు. 1920×1080 పిక్సెళ్ల అడ్డ వీడియో నుంచి 9:16 నిష్పత్తిలో నిలువు చట్రం తీయాలంటే రెండు వైపులా దాదాపు 34 శాతం చొప్పున పోయి, సుమారు 608 పిక్సెళ్ల వెడల్పే మిగులుతుంది. దాన్ని 1080 పిక్సెళ్లకు పెంచితే బొమ్మ దాదాపు 1.78 రెట్లు సాగి మసకబారుతుంది. అదే 3840×2160లో చిత్రీకరించి ఉంటే 1215 పిక్సెళ్ల వెడల్పు దొరుకుతుంది కనుక సాగదీయవలసిన అవసరమే రాదు. ఈ లెక్క మీ అబ్బాయి తనంతట తాను చెప్పగలిగితే అతనికి క్రాపింగ్ నిజంగానే వచ్చినట్టు. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన చిత్రం కుదించుకుపోతుందని, అందుకే బంధువులను డాక్యుమెంట్‌గా పంపమని అడగాలని తెలిసి ఉంటే ఇంకా మంచిది.

మాస్కింగ్ సంగతి వేరు. చిత్రంలో ఏ భాగం కనబడాలి, ఏ భాగం దాగాలి అని గీత గీసి చెప్పడమే మాస్క్. సాఫ్ట్‌వేర్ లోపల అది నలుపు తెలుపుల బొమ్మగా ఉంటుంది: తెలుపున్న చోట చిత్రం కనబడుతుంది, నలుపున్న చోట మాయమవుతుంది, నడుమ ఉన్న బూడిద రంగు సగం సగం చూపిస్తుంది. మామూలు 8 బిట్ల చిత్రంలో ఈ మెట్లు 0 నుంచి 255 వరకు ఉంటాయి. నైపుణ్యమంతా ఆ నడుమ మెట్లలోనే ఉంది. మన ఊళ్లలో పుట్టినరోజు ఫ్లెక్సీల కోసం మనుషుల ఫొటోలను వెనుక భాగం తీసేసి అతికించే కుర్రాళ్లకు కదలని బొమ్మ మీద ఈ పని బాగానే వచ్చు. కానీ వీడియోలో మనిషి కదులుతాడు. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 5 సెకన్ల షాట్‌లో 125 బొమ్మలుంటాయి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే చక్కగా ఉన్న మాస్క్, ఆడించి చూసేసరికి అంచుల దగ్గర వణుకుతుంది. కొత్తవారు ఒకే పెద్ద గీతతో మనిషినంతా చుట్టేసి, అవసరానికి మించి బిందువులు పెట్టి, వాటిని ప్రతి ఫ్రేములోనూ జరపడం వల్ల ఆ వణుకు వస్తుంది. తలకు, జడకు, భుజానికి, మోచేతి కింది భాగానికి, వేళ్లకు వేర్వేరు ఆకారాలు గీసి, కదలిక దిశ మారే ఫ్రేముల్లో ముందు కీఫ్రేములు (ఆకారం ఎక్కడ ఉండాలో మనమే చేత్తో కుదిర్చే గుర్తులు) పెట్టి, ఆ తరువాతే వాటి మధ్య తేడా వచ్చిన చోట సరిదిద్దుకుంటూ పోవడం పద్ధతి. ఈ పనినే సినిమా రంగంలో రోటోస్కోపింగ్ అని, వాడుకలో రోటో అని అంటారు. ఇది కంప్యూటర్ కన్నా పాతది: తెర మీద కదిలే మనిషిని ఫ్రేము తరువాత ఫ్రేముగా గీసుకునే యంత్రానికి అమెరికాలో మాక్స్ ఫ్లైషర్ 1917లోనే పేటెంట్ పొందాడు.

ఇక్కడే మీరు ఆలోచించవలసిన అసలు విషయం ఉంది. ఈ గీత గీసే పనిని సాఫ్ట్‌వేర్ కొంతమేరకు తానే చేస్తోంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇందుకోసం రోటో బ్రష్ అనే పరికరం 2010లోనే వచ్చింది. డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టి కొనే కూర్పైన స్టూడియోలో మ్యాజిక్ మాస్క్ ఉంది. ఫోన్లలోని యాప్‌లు కూడా ఒక్క మీటతో మనిషి వెనుక భాగాన్ని తీసేస్తున్నాయి. వెలుతురు బాగుండి మనిషి ఒక్కడే నిలబడి మాట్లాడే షాట్‌లో ఇవి చక్కగా పనిచేస్తాయి. అదే తలంబ్రాల షాట్ ఇచ్చి చూడండి: ముఖాల ముందు నుంచి బియ్యపు గింజలు జారుతుంటాయి, మల్లెమాలల సందుల్లోంచి వెనుక ఉన్నవారు కనబడుతుంటారు, పలుచని మేలిముసుగు అంచు తెలుపూ కాదు, నలుపూ కాదు. యంత్రం అక్కడ తడబడుతుంది, మనిషి కన్ను అక్కడే కావాలి. అందువల్ల, తేలిక షాట్లకు మాస్క్ గీయడం మాత్రమే నేర్పే కోర్సుకు లక్షన్నర పెట్టడం నా దృష్టిలో దండగ. కష్టమైన షాట్‌ను చేత్తో సరిదిద్దగలిగి, ఆ మాస్క్‌ను వాడి రెండు దృశ్యాలను రంగు, వెలుతురు, నీడ కలిసేలా అతికే కంపోజిటింగ్ వరకు తీసుకువెళ్లే చదువైతే ఆలోచించవచ్చు.

ఇప్పుడు పరీక్ష. డావించీ రిజాల్వ్‌కు ఉచిత కూర్పు ఉంది, అందులో మాస్కింగ్, కంపోజిటింగ్ చేసుకునే ఫ్యూజన్ విభాగం కూడా ఉంటుంది, కాబట్టి పైసా ఖర్చు లేదు. ఫోనుతో రెండు షాట్లు తీయమనండి: ఒకటి వీధిలో వెళ్లే ఆటోది, రెండోది ఇంట్లో ఎవరైనా జడ ఊగేలా నడిచి వెనక్కి తిరిగేది. ఒక్కోటి 5 సెకన్లు చాలు. ఆటో గట్టి వస్తువు కనుక దాని మాస్క్ తొందరగా కుదురుతుంది. నడిచే మనిషి దగ్గరే అసలు పరీక్ష. మాస్క్ పూర్తయ్యాక వెనుక ఒక ముదురు ఎరుపు రంగు పెట్టి ఆడించమనండి, అంచుల్లో ఉన్న తప్పులన్నీ అప్పుడు బయటపడతాయి. మీకు సాఫ్ట్‌వేర్ తెలియనవసరం లేదమ్మా. మీరు గమనించవలసిందల్లా ఆ తప్పులు కనబడ్డాక అతను ఏం చేస్తాడన్నదే. విసుక్కుని ఇంకో వీడియో మొదలుపెడితే అతనికి ఇష్టమున్నది ఎడిటింగ్ హడావుడి మీద. మరునాడు మళ్లీ కూర్చుని జడ అంచును సరిచేసుకుంటే ఈ పనికి కావలసిన ఓపిక ఉన్నట్టే. ఒక పది రోజులు గడువివ్వండి. మొదటి ఫలితం బాగా రాకపోయినా పరవాలేదు.

ఉద్యోగాల విషయం కూడా దాచకుండా చెప్పాలి. విదేశీ సినిమాల రోటో, పెయింట్ (తెర మీద అక్కర్లేని వాటిని చెరిపేసే) పనులు హైదరాబాద్, చెన్నై, ముంబై, బెంగళూరు స్టూడియోలకు వస్తుంటాయి, కొత్తవారికి మొదటి మెట్టు సాధారణంగా ఇదే. అయితే ఇది ఒడుదొడుకులున్న రంగం. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే విదేశీ వీఎఫ్‌ఎక్స్ సంస్థ కుప్పకూలినప్పుడు బెంగళూరు, ముంబైలలోని దాని కార్యాలయాల్లో పనిచేసేవారు కూడా ఉన్నట్టుండి ఉపాధి కోల్పోయారు. చేతిలో డిగ్రీ ఉన్నవారికి అలాంటి సమయంలో ఇంకో దారి వెతుక్కునే వీలుంటుంది.

అందుకే డిగ్రీ మానేసి కోర్సు అన్న ఆలోచనకు నేను ఒప్పుకోను, ఇంజినీరింగే చదవాలనీ అనను. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్, ఫొటోగ్రఫీ వంటి విభాగాల్లో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. బొమ్మ గీసే అలవాటు లేకపోతే ఇప్పటి నుంచే మొదలుపెట్టాలి, ఆ అలవాటు మాస్కింగ్‌కు కూడా పనికొస్తుంది. అది కుదరకపోతే దగ్గరలో ఏదైనా డిగ్రీ చదువుతూ స్టూడియోలో పని కొనసాగించవచ్చు. పుణేలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే పేరిట ఉన్న సినిమా శిక్షణ సంస్థల్లో ఎడిటింగ్ ప్రధాన కోర్సుకు ఏ డిగ్రీ అయినా ఉండాలి, కాబట్టి ఆ మూడేళ్లు వృథా కావు. ఈలోగా అభ్యాసానికి బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. పెద్ద స్టూడియోలు కంపోజిటింగ్‌కు వాడే న్యూక్‌కు కూడా వ్యాపారేతర వినియోగం కోసం ఉచిత కూర్పు దొరుకుతుంది. చేసిన మంచి షాట్లతో నిమిషంన్నర షోరీల్ (తన పనితనం చూపే నమూనా వీడియో) తయారుచేసుకోవాలి. అందులో పెళ్లివారి వీడియోలు వాడాలంటే ఆ కుటుంబం అనుమతి, స్టూడియో యజమాని అనుమతి రెండూ తీసుకోమనండి.

అన్నీ చూశాక కూడా ఆ ఏడాది కోర్సే మంచిదనిపిస్తే, సంస్థకు వెళ్లి నాలుగు విషయాలు అడగండి. ఏడాదిలో ఎన్ని నెలలు కంపోజిటింగ్ నేర్పుతారు, బోధించేవారు స్టూడియోల్లో పనిచేసినవారేనా, గత బ్యాచ్ విద్యార్థుల షోరీళ్లు చూపించి వారిలో కొందరితో మిమ్మల్ని మాట్లాడనిస్తారా, మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగి ఇస్తారు అన్నవి. షోరీళ్లు అక్కడే చూడండి, మిగిలినవి కాగితం మీద రాసి ఇమ్మనండి. అప్పటివరకు అడ్వాన్సు కట్టకండి.