ఆ తెల్లకాగితం కొట్టెయ్

అమ్మాయీ,

నీ కథ అందింది. పురిటిగది బాగా రాశావు. కానీ రెండో పేజీలో ‘ఆ పసిచెవులు తెల్లకాగితాలు, అమ్మ గొంతు వాటిమీద పడ్డ తొలి అక్షరం’ అన్నావే, అక్కడ కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను. అందమైన అబద్ధం అది.

ఆ చెవులు కడుపులో ఉండగానే ఇంచుమించు మూడు నెలలుగా వింటున్నాయి. మూడు రోజులైనా నిండని పిల్లల నోట్లో పాలు రాని పీక పెట్టి చూశారు డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు (1980). చప్పరింతల మధ్య ఆగడం ఒక తీరుగా ఉంటే తల్లి గొంతు, ఇంకో తీరుగా ఉంటే పరాయి ఆవిడ గొంతు వినిపిస్తుంది. పిల్లలు తల్లి గొంతు వచ్చేలా తమ తీరు మార్చుకున్నారు. పాల కోసం కాదు, గొంతు కోసం! దీని ముందు నీ ఉపమానం ఏపాటిది?

పైగా కాగితం నిండుతుంది, పిల్లలు కొన్ని వదిలేస్తారు కూడా. ఇంగ్లీషు ఇళ్లలో పిల్లలు ఆరేడు నెలలప్పుడు హిందీ ట, త తేడా పట్టేశారు. ఏడాది దగ్గర పడేసరికి చాలామందికి అది జారిపోయింది. వెర్కర్, టీస్ 1984లో చూపించారు.

అసలు సంగతి ఇది. కడుపులోకి హల్లులు మొద్దుబారి చేరతాయి. చక్కగా చేరేది రాగం, ఊపు. నాలుగు రోజుల ఫ్రెంచి పిల్లలు తమ భాషనీ రష్యన్‌నీ వేరుగా పట్టారు (1988), మాటలు మసకబార్చి వినిపించినా సరే. ముందు భాష నడక, తర్వాతే మాట. నలభై ఏళ్లుగా నేను మొత్తుకుంటున్నది ఇదే! ఒక సంపాదకుడు నా మొదటి కథలో తిరిగి తిరిగి వచ్చే మాటలన్నీ ‘పునరుక్తి’ అని ఎర్రసిరాతో కొట్టేసి అచ్చేశాడు. అర్థం మిగిలింది, కథ పోయింది. ఇప్పుడేమో క్రియల్లేని ముక్కల వాక్యాలు ఫ్యాషనట. చదువుతుంటే ఎక్కిళ్లు వచ్చినట్టుంటుంది.

ఆ కథ పోయాక ఒక అలవాటు చేసుకున్నాను. రాసింది మా ఆవిడ పక్కగదిలో తలుపేసుకుని పైకి చదువుతుంది. ఇవతల నాకు మాటలు తెలియవు, గొణుగుడే. అది కుంటిన చోట లేచి వెళ్లి గుర్తు పెడతాను. మొదట్లో పిచ్చి అనుకుంది, ఇప్పుడు తనే తలుపు వేస్తుంది.

కలం పేరు గురించీ, ఏ పత్రికకి పంపాలనీ అడిగావు. తర్వాత చూద్దాం. ముందు ఆ తెల్లకాగితం కొట్టెయ్.

నీ కథనీ తలుపు ఇవతల నుంచి విన్నాను. మూడో పేజీ నిండా కుంటింది. ఐదో పేజీలో, పిల్లని భుజాన వేసుకుని తల్లి ఏదో చెప్పుకుపోయే చోట మాత్రం గొణుగుడు ఉయ్యాలలా ఊగింది. ఆ పేజీ ముట్టుకోకు.