మంగళగిరి చీరలకు వెబ్‌సైట్ పెడుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి మన మంగళగిరి చీరలకు వెబ్‌సైట్ పెడుతున్నావని మీ నాన్న చెప్పినప్పుడు నా మనసు పొంగిపోయింది. మూడు నెలల్లో గూగుల్ మొదటి పేజీలో నిలబెడతామన్న వారెవరికో అడ్వాన్సు ఇవ్వబోతున్నావని కూడా చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మామూలు పనులు నీకు తెలిసినవే. ప్రతి పేజీకి దానికి తగిన శీర్షిక పెట్టు, ఫోనులో త్వరగా తెరుచుకునేలా చూడు, గూగుల్ వారి సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్, అంటే నీ పేజీల జాబితా, ఇవ్వు. జనం వెతికే మాటలను పేజీ కోడులో రాసే కీవర్డ్స్ ట్యాగు నింపుతూ కూర్చోకు. దానిని లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

2011లో నేను దుకాణానికి సైటు పెట్టినప్పుడు నాకూ ఒకరు ఇదే మాట ఇచ్చారు. నెలనెలా డబ్బు కట్టాను, పైకి తెచ్చే పని ఎలా చేస్తున్నారో మాత్రం అడగలేదు. కొన్నాళ్ళకే మా సైటు పైవరుసలో కనిపించి, అమెరికా నుంచి కూడా ఆర్డర్లు రావడంతో, శ్రావణమాసానికని నూలు, జరీ అప్పు మీద తెచ్చి మరో నాలుగు మగ్గాలకు పని ఒప్పజెప్పాను. 2012 ఏప్రిల్ 24న గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. కొన్న లింకులతో, అంటే డబ్బిచ్చి ఇతర సైట్లలో పెట్టించుకున్న తమ చిరునామాలతో, పైకెక్కిన సైట్లను కిందికి దించడం దాని పని. మందుల సైట్లలో, జూదం సైట్లలో, చీరలతో ఏ సంబంధమూ లేని వందల చోట్ల మా చిరునామా అతికించారని నాకు అప్పుడే తెలిసింది. వారం తిరిగేసరికి ఆర్డర్లు ఆగిపోయాయి. మగ్గం ఆపమని చెప్పడానికి వెళితే, మన పెద్ద నేతగాడు, "నేతలో ఏమైనా లోపం వచ్చిందా బాబూ?" అని అడిగాడు. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు.

లింకులు తీసేయమని ఒక్కొక్క సైటుకూ రాశాను, జవాబిచ్చినవారు తక్కువ. ఆ అక్టోబరులో గూగుల్ డిసావో సాధనం తెచ్చాక, మిగిలినవాటిని లెక్కించవద్దని జాబితా సమర్పించాను. అయితే పెంగ్విన్ లెక్కను అప్పట్లో ఎప్పుడో ఒకసారి మాత్రమే తిరగవేసేవారు కనుక, తప్పు దిద్దుకున్నవారూ నెలల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. 2016 సెప్టెంబరులో అది నిత్యం నడిచే లెక్కలో కలిసే నాటికి నేను సైటు మూసేశాను.

మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన సూచనల్లోనే రాసింది. ఫలితం కనిపించడానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందనీ చెప్పింది. ఒక్క మాట అడగకుండా డబ్బు ఇవ్వడానికి సిద్ధపడ్డందుకు నీ మీద కోపంగానే ఉంది, తల్లీ.

ఆరేళ్ళప్పుడు గుంట మగ్గం అంచున కూర్చుని, నేతగాడి కాళ్ళు గుంటలో ఎందుకున్నాయని, నూలుకు గంజి ఎందుకు పెడతారని, నిజాం అంచు ఎలా వస్తుందని ఊపిరి తీసుకోనివ్వకుండా అడిగేదానివి. చీర కొనేవారు వెతికేవి కూడా అలాంటి ప్రశ్నలే. వాటికి నీ మాటల్లో, నువ్వు తీసిన ఫొటోలతో జవాబులు రాయి. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో వెతికేవారు ఎందరో ఉన్నారు కనుక, చీరల పేర్లను ఆ అక్షరాల్లోనూ ఇవ్వు.

అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకు. ఇచ్చేసి ఉంటే, లింకులు ఎక్కడెక్కడ పెట్టారో జాబితా అడిగి ఆదివారంలోగా నాకు పంపు. ఒక్కొక్కటీ నేనే చూస్తాను.

మీ పెదనాన్న