చెక్ ఇంజిన్ లైటు వెలిగి పి0455 కోడ్ వస్తే లీకు ఎక్కడ వెతకాలి?

ఒంగోలు నుంచి ఒకరు తమ కారుకి పి0455 వచ్చిందన్నారు, అంటే ట్యాంకులో పుట్టే పెట్రోల్ ఆవిరిని పట్టి ఇంజిన్‌కి పంపే గొట్టాల దారిలో పెద్ద లీకు ఉన్నట్టు. ముందు పెట్రోల్ మూత తీసి రబ్బరు రింగు మీద వేలు తిప్పి చూడండి. నెల్లూరు ఎండలకి నా కారు రింగు గట్టిపడి, గోరు పెడితే తెలిసేంత సన్నగా పగిలింది, కంటికి మాత్రం బాగానే ఉంది!

మూత మార్చాక కూడా లైటు వెంటనే ఆరదు, కారు తన టెస్టు మళ్లీ చేసుకోవడానికి కొన్ని రోజులు తిరగాలి. అయినా పోకపోతే పర్జ్ వాల్వ్ (ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే వాల్వ్) ఊడదీసి చేతి పంపుతో గాలి కొట్టండి, కరెంటు లేనప్పుడు అది మూసుకునే ఉండాలి.

ఆ తర్వాత స్మోక్ టెస్టే, అంటే ఆ గొట్టాల్లోకి పొగ పంపి చూడటం, పొగ ఎక్కడ బయటికొస్తే అక్కడే లీకు. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి మాత్రం దయచేసి పెట్టించకండి, ఆ ప్రెషర్‌కి బాగున్న గొట్టాలూ పోతాయి.