స్పీకర్లు కొనే ముందు వైరు ఎటు పోతుందో చూడండి
స్పోర్ట్స్ కార్ల సౌండ్ సిస్టమ్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: 2002 మోడల్ మాజ్దా మియాటా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ స్టీరియో టాప్ దించి హైవే ఎక్కితే వినపడదు. డిక్కీలో 10 అంగుళాల సబ్‌వూఫర్ పెట్టేయమని మా తమ్ముడి సలహా. బడ్జెట్ 800 డాలర్లు. దేనితో మొదలుపెట్టాలి?
(ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: మీ తమ్ముడి సలహా హ్యాచ్‌బ్యాక్‌కి బాగానే ఉంటుంది, మియాటాకి కుదరదు. ఇందులో డిక్కీకీ మీరు కూర్చునే చోటుకీ మధ్య ఇనుప గోడ ఉంటుంది. సబ్ అక్కడ పెడితే నంబర్ ప్లేటు గడగడలాడుతుంది, పాట మీకన్నా వెనక కారతనికి బాగా వినపడుతుంది.

డబ్బు మొదట డోర్ల మీద పెట్టండి. డోర్ ప్యాడ్ ఊడదీస్తే లోపల పల్చటి రేకు, దాని నిండా రంధ్రాలు కనిపిస్తాయి. స్పీకర్ కోన్ ముందుకు తోసిన గాలి, వెనక్కి తోసిన గాలి ఆ రంధ్రాల్లోంచి కలిసిపోయి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ముందు పోయేది బేస్, అంటే లోతైన శబ్దం. 200 డాలర్ల స్పీకర్ బిగించినా ఈ లీకు మూయకపోతే కంపెనీ స్పీకర్‌కీ దానికీ పెద్ద తేడా తెలియదు. లోపలి రేకు రంధ్రాలను 2 మి.మీ. బ్యూటైల్ డ్యాంపింగ్ షీటుతో (అదురును అణిచే రబ్బరు షీటు) మూయండి. బయటి రేకు లోపలివైపు కూడా అదే అతికించండి. బయటి రేకంతా కప్పనక్కర్లేదు, మూడో వంతు చాలు. అంతకు మించితే బరువే మిగులుతుంది. అతికించే ముందు రేకును ఆల్కహాల్‌తో తుడవాలి, రోలర్‌తో గట్టిగా నొక్కాలి. డోర్ అడుగున వాన నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటిని మాత్రం మూయకండి. మూస్తే రెండు మూడేళ్లలో అడుగు తుప్పుపడుతుంది. ప్యాడ్ వెనక ఉన్న ప్లాస్టిక్ షీటును కూడా చింపి పారేయొద్దు. నీళ్లు ప్యాడ్ మీదికి రాకుండా ఆపేది అదే.

స్పీకర్లు 6.5 అంగుళాల కాంపొనెంట్ సెట్ తీసుకోండి. ట్వీటర్ (సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్) విడిగా ఉంటుంది కాబట్టి సైడ్ మిర్రర్ దగ్గరి త్రికోణంలో పెట్టుకోవచ్చు. డోర్ స్పీకర్ మీ మోకాలికి పాడుతుంది, చెవికి పాడేది ట్వీటరే. కొనేముందు కిటికీ అద్దం పూర్తిగా దించి, స్పీకర్ బిగించే రేకు నుంచి అద్దం దాకా ఎంత లోతుందో కొలవండి. మాగ్నెట్ అద్దానికి తగిలే సెట్లు చాలానే ఉన్నాయి. చాలకపోతే స్పేసర్ రింగు వేయాలి. అది ఎండీఎఫ్ చెక్కది వద్దు, డోర్ లోపలి తేమకు ఉబ్బిపోతుంది. ఏబీఎస్ లేదా హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ రింగు వాడండి. స్పీకర్ చుట్టూ ఫోమ్ పట్టీ అతికించి, అది డోర్ ప్యాడ్‌కి ఆనేలా చూడండి. లేకపోతే సగం శబ్దం ప్యాడ్ వెనకే తిరుగుతుంది.

తర్వాత ఛానెల్‌కి 75 వాట్ల చొప్పున నాలుగు ఛానెళ్ల క్లాస్-డి (తక్కువ కరెంటు వృథా చేసే రకం) యాంప్, అంటే యాంప్లిఫయర్. రెండు ఛానెళ్లు డోర్లకు వాడి, మిగతా రెండింటినీ బ్రిడ్జ్ చేసి (కలిపి ఒకే ఛానెల్‌గా మార్చి) ఒక 8 అంగుళాల లోతు తక్కువ సబ్‌కి ఇవ్వండి. ఆ సబ్‌ను 8 నుంచి 10 లీటర్ల మూసిన పెట్టెలో, పక్క సీటువారి పాదాల ముందు అమర్చుకోవచ్చు. బ్రిడ్జ్ చేసినప్పుడు చాలా యాంప్‌లు 4 ఓమ్‌ల కన్నా తక్కువ తట్టుకోవు, 2 ఓమ్‌ల సబ్ కొనకండి. మీ కారులో బ్యాటరీ డిక్కీలోనే ఉంది, అది మీకు పెద్ద సదుపాయం. యాంప్ కూడా అక్కడే పెడితే పవర్ వైరు మీటరు దాటదు. 300 వాట్లకు లాగే కరెంటు 27 ఆంపియర్ల దగ్గర ఉంటుంది కాబట్టి 8 గేజ్ అసలు రాగి వైరు, 40 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. ఫ్యూజు బ్యాటరీకి 45 సెం.మీ. లోపే ఉండాలి. రాగి పూతేసిన అల్యూమినియం వైరు చవగ్గా దొరుకుతుంది. అదే వాడతానంటే కనీసం ఒక సైజు లావుది తీసుకోండి.

ఇక ఈ జవాబులో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. సీట్ల వెనక ఉన్న అరుగు చూడగానే యాంప్ బిగించాలనిపిస్తుంది. పెట్రోల్ ట్యాంకు ఉన్నది దాని కిందే. అక్కడ డ్రిల్ గానీ స్క్రూ గానీ దించొద్దు.

హెడ్ యూనిట్‌కి (డ్యాష్‌బోర్డులోని స్టీరియో) డబుల్ డిన్, అంటే రెండింతల ఎత్తు ఖాళీ ఉంది కాబట్టి టైమ్ అలైన్‌మెంట్ ఉన్న మోడల్ ఎంచుకోండి. డ్రైవర్‌కి దగ్గరి స్పీకర్, దూరపు స్పీకర్ మధ్య 50 సెం.మీ. తేడా ఉంటే దగ్గరిదాన్ని సుమారు 1.5 మిల్లీసెకన్లు ఆలస్యం చేయాలి. పాడేవారి గొంతు ఎడమ డోర్లోంచి లేచి డ్యాష్‌బోర్డు మీదికొస్తుంది. డోర్లకు 80 హెర్ట్జ్ హై-పాస్, సబ్‌కి 80 హెర్ట్జ్ లో-పాస్ పెట్టండి. అప్పుడు 80కి పైన ఉన్నది డోర్లకు, కింద ఉన్నది సబ్‌కి వెళ్తుంది.

యాంప్ గెయిన్‌ను (సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) చెవితో పెట్టకండి. స్పీకర్ల వైర్లు తీసేసి, హెడ్ యూనిట్ వాల్యూమ్ నాలుగింట మూడొంతులకు పెంచి, టెస్ట్ టోన్ వేయండి. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టులకు మార్చి యాంప్ అవుట్‌పుట్ కొలవండి. 4 ఓమ్‌ల మీద 75 వాట్లంటే 17.3 వోల్టులు. అక్కడ ఆపేయండి. టాప్ దించినప్పుడు గాలి, టైర్ల రొద ముందుగా మింగేది బేస్‌నే. అందుకే ఈక్వలైజర్‌లో టాప్ ఉన్నప్పటికి ఒకటి, లేనప్పటికి ఒకటి విడివిడిగా సేవ్ చేసుకోండి.

ప్రశ్న: 2014 పోర్షే 911, బోస్ సిస్టమ్. యాంప్ మార్చుదామని షాపులో దాన్ని విప్పగానే మొత్తం శబ్దం ఆగిపోయింది. మళ్లీ తగిలిస్తే వచ్చింది. ఏదైనా పాడైందా?
(జూబ్లీహిల్స్, హైదరాబాద్)

జవాబు: ఏమీ పాడవలేదు. మీ కారులో పాట యాంప్ దాకా రాగి వైరులో కాకుండా మోస్ట్ అనే ఫైబర్ కేబుల్లో వెలుతురుగా నడుస్తుంది. హెడ్ యూనిట్, యాంప్ వంటివన్నీ ఒక వలయంలో వరుసగా ఉంటాయి. ఒకటి తీస్తే వలయం తెగుతుంది, అన్నీ మూగబోతాయి. పరీక్షించేటప్పుడు యాంప్ చోట ఫైబర్ లూప్ కనెక్టర్ పెడితే మిగతావి పనిచేస్తాయి. ఫైబర్‌ను 25 మి.మీ. వ్యాసార్థం కన్నా బిగువుగా మడవకూడదని షాపువారికి ముందే చెప్పండి. ఒకసారి నలిగితే లోపం పట్టుకోవడం కష్టం.

ఇక మార్పిడి. బోస్ యాంప్ అవుట్‌పుట్ నుంచి సిగ్నల్ తీసుకుందామంటే అది ఆ స్పీకర్లకే తగ్గట్టు ముందే దిద్ది, ఒక్కో స్పీకర్‌కి ఒక్కో భాగంగా ముక్కలు చేసి పంపిన సిగ్నల్. కొత్త స్పీకర్‌కి అది ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. ఖర్చు ఎక్కువైనా మోస్ట్ అడాప్టర్ మేలు. అది వలయంలో యాంప్ స్థానంలో కూర్చుని, దిద్దని డిజిటల్ సిగ్నల్‌ను డీఎస్‌పీకి (శబ్దాన్ని దిద్దే డిజిటల్ ప్రాసెసర్) ఇస్తుంది. కంపెనీ వైరింగ్‌ను కోయనివ్వకండి, ప్లగ్‌కి ప్లగ్ తగిలే హార్నెస్ (వైర్ల కట్ట) అడగండి.

స్పీకర్లు ఒక్కటే మార్చి బోస్ యాంప్ ఉంచేద్దామనుకుంటే మాత్రం ఆగండి. బోస్ చాలాచోట్ల తక్కువ ఓమ్‌ల స్పీకర్లు వాడుతుంది. 2 ఓమ్‌ల చోట 4 ఓమ్‌లది పెడితే అదే యాంప్ నుంచి పవర్ సగానికి పడిపోతుంది. వేలు పోసి వాల్యూమ్ తగ్గించుకున్నట్టవుతుంది.

బిల్లు చేతికి రాగానే ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపండి. విడిగా అమర్చిన ఎలక్ట్రానిక్ పరికరాలు ఐఎంటీ-24 ఎండార్స్‌మెంట్ (పాలసీకి జోడించే అదనపు నిబంధన) కిందికి వస్తాయి, వాటి విలువ మీద సాధారణంగా 4 శాతం అదనపు ప్రీమియం. చెప్పకపోతే క్లెయిమ్‌లో వాటికి పైసా రాదు.

ప్రశ్న: 2017 మస్టాంగ్ ఎకోబూస్ట్‌లో సబ్ పెట్టించాను. పాట ఆపేసినా తక్కువ ఆర్‌పీఎంలో బూమ్మని మోత. సబ్ లోపమా?
(ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: సబ్ మంచిదే, దానికి అందుతున్న సిగ్నల్‌తోనే చిక్కు. ఎకోబూస్ట్ మస్టాంగ్‌లో ఇంజిన్ శబ్దాన్ని స్పీకర్లలోంచి పెంచి వినిపిస్తారు. రొదను ఎదురు శబ్దంతో అణిచే ఏర్పాటు ఉన్న కార్లలోనైతే పైకప్పులో మైకులు కూడా ఉంటాయి. మైకు కొత్త సబ్ బేస్ విని, దాన్ని రొద అనుకుని ఎదురు శబ్దం పంపుతుంది. అది మళ్లీ సబ్‌లోంచే పెద్దదై వస్తుంది. ముందు స్టీరియో ఆఫ్ చేసి ఇంజిన్ నడపండి, మోత వస్తుంటే సబ్ యాంప్ రిమోట్ వైరు (యాంప్‌ను ఆన్ చేసే సన్న వైరు) పీకండి. మోత ఆగితే కారణం ఇదే. మైకుల ప్లగ్గులు తీసేయడం సులువైన మందు. అప్పుడు కంపెనీవాళ్లు అణిచిన రొద కొంత తిరిగొస్తుంది, దానికి సిద్ధపడండి. ఫోన్ మైకు వేరే ఉంటుంది, పొరపాటున దాన్ని తీయకండి.

ప్రశ్న: యాంప్ పెట్టాక యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో కుయ్‌మని సన్నటి శబ్దం, ఆర్‌పీఎంతో పాటే పెరుగుతోంది. ఫిల్టర్ కొనమంటున్నారు.
(విజయవాడ)

జవాబు: ఫిల్టర్ వద్దు. నూటికి తొంభై సార్లు ఎర్త్ సరిగా లేకే ఇది వస్తుంది. యాంప్ ఎర్త్ బిగించిన చోట పెయింటు గీకి తెల్లటి ఇనుము కనపడేలా చేయండి, సీటు బెల్టు బోల్టు కింద వేయకండి. ఇంజిన్ నడుస్తూ పాట మోగుతుండగా యాంప్ ఎర్త్ టెర్మినల్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య డీసీ వోల్టులు కొలవండి. 0.1 వోల్టు దాటితే ఎర్త్ మార్చాలి. అది బాగుంటే యాంప్ దగ్గర ఆర్‌సీఏ వైర్లు (హెడ్ యూనిట్ నుంచి పాట సిగ్నల్ తెచ్చేవి) పీకి చూడండి. శబ్దం పోతే లోపం హెడ్ యూనిట్ వైపో, పవర్ వైరు పక్కనే పడుకోబెట్టిన ఆర్‌సీఏలోనో ఉంది.

ప్రశ్న: కొత్త సిస్టమ్ పెట్టాక కారు రెండు వారాలు తీయకపోతే బ్యాటరీ పడిపోతోంది.
(బెంగళూరు)

జవాబు: కారు లాక్ చేసి 45 నిమిషాలు వదిలేయండి. అప్పుడు బ్యాటరీ నెగటివ్‌లో మీటరు సిరీస్‌లో పెట్టి మిల్లీ ఆంపియర్లు చూడండి. 50 లోపు ఉంటే ఫరవాలేదు, అదైనా రెండు వారాలకు 17 ఆంపియర్-అవర్లు తాగుతుంది. 300, 400 చూపిస్తే యాంప్ నిద్రపోవడం లేదని అర్థం. తొందరలో ఉన్న మెకానిక్ రిమోట్ వైరును స్విచ్ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరుకి కాక, ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకి కలిపేసి ఉంటాడు. యాంప్ దగ్గర రిమోట్ టెర్మినల్‌లో, కారు ఆపి తాళంచెవి తీసేశాక కూడా 12 వోల్టులు ఉన్నాయేమో చూసి, ఉంటే ఆ ఒక్క వైరు మార్పించండి.