4.9 అడుగులంటే ఎంత?

సందేహం: కిటికీకి కర్టెన్ కుట్టించడానికి వెడల్పు 4.9 అడుగులని రాసి షాపుకి వాట్సాప్‌లో పంపాను. "నాలుగడుగుల తొమ్మిదంగుళాలా, నాలుగు పాయింట్ తొమ్మిదా?" అని వాళ్లు తిరిగి అడిగారు. రెండూ ఒకటే కదా? ఇలాంటి కొలతను తెలుగులో ఎలా రాయాలి? జగదాంబ జంక్షన్‌లో టేపు కొంటే బిల్లు మీద "5 మీటర్ టేపు" అని రాసిచ్చారు. మీటరా, మీటర్లా? అసలు టేపుకి మంచి తెలుగు మాట లేదా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: రెండూ ఒకటి కావండీ. షాపువాళ్లు అడగడమే మంచిదైంది. అడుగుకి పన్నెండంగుళాలు కాబట్టి నాలుగడుగుల తొమ్మిదంగుళాలంటే 57 అంగుళాలు. 4.9 అడుగులను దశాంశంగా లెక్కేస్తే 58.8 అంగుళాలు. దాదాపు రెండంగుళాల తేడా కర్టెన్ కుచ్చుల్లో కలిసిపోతుందేమో గానీ, రెండు గోడల మధ్య పట్టాల్సిన బీరువాకి కుదరదు. 4.10 అని రాస్తే మరీ చిక్కు. మీ ఉద్దేశం నాలుగడుగుల పదంగుళాలు, అంటే 58 అంగుళాలు. లెక్కల మాస్టారికి మాత్రం అది 4.1 అడుగులే, 49 అంగుళాల చిల్లర.

ఈ చుక్క మనకు గడియారం నుంచి అలవాటైందని నా అనుమానం. శుభలేఖలో "ఉదయం 10.30 గంటలకు" అని అచ్చు వేస్తాం. దాన్ని పది పాయింట్ మూడు అని ఎవరూ చదవరు, పదిన్నర అంటారు. అక్కడ చుక్క పని గంటలనూ నిమిషాలనూ విడదీయడమే. గంటలను దశాంశాల్లో చెప్పే వాడుక ఇళ్లల్లో లేదు గనక అది చెల్లిపోయింది. అడుగుల దగ్గర దశాంశం కూడా వాడుకలో ఉంది గనక చెల్లదు.

నోటిమాటలో ఈ గొడవే లేదు. "నాలుగడుగుల తొమ్మిదంగుళాలు" అన్నామంటే అయిపోయింది. పది గంటల ఇరవై నిమిషాలు, రెండు రూపాయల యాభై పైసలు, అన్నీ ఇదే తీరు: పెద్ద కొలత "ల"తో, చిన్న కొలత "లు"తో. రాసేటప్పుడు కూడా 4 అడుగుల 9 అంగుళాలు అనే రాయండి. వాట్సాప్‌లో నాలుగక్షరాలు ఎక్కువైతే నష్టం లేదు.

అంగుళం లోపలి ముక్కలకు పావంగుళం, అరంగుళం, ముప్పావంగుళం ఉండనే ఉన్నాయి. రెండుంబావు, రెండున్నర అనేవాళ్లు ఇంకా ఉన్నారు, "టూ పాయింట్ టూ ఫైవ్" కంటే అవే నోటికి హాయి. టేపు మీద అంగుళాన్ని మామూలుగా 16 భాగాలు చేస్తారు. పదహారో వంతుకి మన పాత లెక్కల్లో వీసం అని పేరు, "వీసమెత్తు"లో ఉన్నది అదే. కానీ వడ్రంగితో "రెండంగుళాల మూడు వీసాలు" అంటే అమెరికా ప్రయాణం అనుకుంటాడు. అంత సన్నం కొలత కావాలంటే మిల్లీమీటర్లే మేలు. మీ కిటికీ నాలుగడుగుల తొమ్మిదంగుళాలైతే 1448 మి.మీ. చుక్కా లేదు, భిన్నమూ లేదు.

టేపుకి కొలబద్ద అని పేరు పెట్టాలని కొందరికి సరదా. బద్ద అంటే బిరుసుగా ఉండేది, చుట్టచుట్టుకునేది కాదు. బట్టల కొట్లో గజంబద్ద నిజంగా బద్దే. 1862-63లో దేశమంతా కొలిచిన మహా త్రికోణమితి సర్వే వాళ్లు విశాఖపట్నం దగ్గర ఆధారరేఖ (మిగతా దూరాల లెక్కకి పునాదిగా నేల మీద కొలిచే గీత) కొలిచింది లోహపు కడ్డీలతో, వాటిని కొలబద్దలన్నా ఒప్పుకుంటాను. టేపుని టేపు అనే అనండి. ఏ టేపో చెప్పడం అంతకంటే ముఖ్యం. టైలర్ టేపు మెత్తన, ఒంటి చుట్టూ తిరుగుతుంది. పాతబడితే సాగుతుంది కూడా, అందుకే ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించుకునేవాళ్లు తెలివైనవాళ్లు. గోడకీ కిటికీకీ స్టీలు టేపు. ఇంటికి 3 మీటర్లది చాలదు, పన్నెండడుగుల గదికే 3.66 మీటర్లు కావాలి. రేకు వెడల్పుగా ఉన్నది తీసుకుంటే ఒక్కరే కొలుస్తున్నా మధ్యలో వంగిపోదు. కొస కొక్కెం కాస్త కదులుతోందని షాపులో వెనక్కి ఇచ్చేయకండి. అది దాని మందమంతే జరుగుతుంది. అంచుకి తగిలించి లాగినా, గోడకి ఆనించి నొక్కినా కొలత సరిగ్గా రావడానికే ఆ ఏర్పాటు. మీది ఉప్పుగాలి ఊరు గనక చుట్టే ముందు రేకును పొడిగుడ్డతో తుడవండి.

ఇక బిల్లు సంగతి. "5 మీటర్ల టేపు" సరైనది. ఆరు గజాల చీర, పది కేజీల బస్తా అన్నట్టే. సంఖ్య ఒకటి దాటితే ప్రమాణం బహువచనంలోకి వెళ్లి "ల" తెచ్చుకుంటుంది. "5 మీటర్ టేపు" ఇంగ్లిష్ పద్ధతి, మన నోట్లో "ఆరు గజం చీర" వినిపించదు కదా.

స్థలాల ప్రకటనల్లో దీనికి తిరగబడిన తప్పు ఉంటుంది: "150 గజాలు స్థలం అమ్మబడును". 150 గజాల స్థలం అనాలి. పైగా ఇక్కడి గజం చీర గజం కాదు, చదరపు గజం. ఒక్కోటి 9 చదరపు అడుగులు, మొత్తం 1350. మాటల్లో "చదరపు" వదిలేసినా అందరికీ అర్థమవుతుంది. రిజిస్ట్రేషన్ కాగితంలో మాత్రం వదలకండి.