బడిలో సంత పెట్టే ముందు

అమ్మా లలితా,

తొమ్మిదో తరగతి పిల్లల చేత సంత పెట్టించాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషమయింది. వ్యాపార పాఠంలో ఆడపిల్లలు వెనకబడేది తెలివితేటల్లో కాదు. డబ్బు ఎవరి చేతిలో ఉంది, బేరం ఎవరు ఆడుతున్నారు అన్నచోటే తేడా వస్తుంది. వాళ్ల ఇష్టానికి వదిలేస్తే మగపిల్లలు గల్లా దగ్గర కూర్చుంటారు, ఆడపిల్లలకు వంట, అలంకరణ మిగులుతాయి.

జట్టుకు 5 మందిని పెట్టు. ఆడపిల్లలు ఇద్దరికి తగ్గనీయకు. ఒక్కతే ఉంటే లెక్కల పుస్తకం రాయడానికే పరిమితమవుతుంది. కొనుగోలు, తయారీ, అమ్మకం, గల్లా, లెక్క అని చీటీలు వేసి, వారం వారం మార్చు. అందుకే సంత ఒక్క రోజుతో ముగించకుండా 5 శనివారాలు జరిపించు.

అసలు మోసం జరిగేది ధర కట్టడంలో. చెనిక్కాయ ఉండల లెక్క వేసి చూపించు. 2 కిలోల విత్తనాలు 300, కిలో బెల్లం 60, గ్యాసు, కవర్లు 40, మొత్తం 400 రూపాయలు అనుకుందాం. పొట్టు, తరుగు పోగా 110 ఉండలొస్తాయి. ఒక్కోటి 5 రూపాయలకు అమ్మితే 550, లాభం 150 అని పిల్లలు చప్పట్లు కొడతారు. వేయించి, పొట్టు చెరిగి, ఉండ చుట్టడానికి ఇద్దరికి మూడేసి గంటలు పట్టింది కదా! గంటకు 30 చొప్పున 180 రాయించు. 30 రూపాయలు నష్టం! 6 రూపాయలకు అమ్మితేనే 80 మిగులుతుంది. అమ్మ చేసిపెట్టిన పనికీ కూలి రాయాల్సిందే. ఇది రాయకపోతే, చిప్స్ ప్యాకెట్లు టోకున తెచ్చి అమ్మిన జట్టే గెలిచినట్టు కనిపిస్తుంది.

సరుకు కొనడానికి సాయంత్రం పంపొద్దు. బస్సులో పల్లెకు వెళ్లాల్సిన ఆడపిల్లలు ఆగలేరు, ఆ పని మగపిల్లలకే పోతుంది. బడి వేళలో తిరుపతి అంగళ్లకు ఇద్దరేసి చొప్పున, టీచరును తోడిచ్చి పంపు. తోడు చిన్న విషయం కాదమ్మా. అహ్మదాబాద్‌లో ఆడవాళ్ల సహకార బ్యాంకు అయిన సేవా బ్యాంకు తన ఖాతాదారులకు 2 రోజుల శిక్షణ ఇచ్చినప్పుడు, స్నేహితురాలితో కలిసి వచ్చినవాళ్లే ఎక్కువగా వ్యాపారానికి అప్పు తీసుకున్నారు.

2013-14లో దేశంలోని వ్యాపారాలను లెక్కించిన ఆరో ఆర్థిక గణనలో ఆడవాళ్లవి సుమారు 14 శాతమే. పిల్లలు చూసిన ఉదాహరణలు తక్కువ. శ్రీకాళహస్తిలో కలంకారీ చేసి అమ్ముకునే ఆమెనో, డ్వాక్రా సంఘం అప్పుతో కర్రీ పాయింట్ నడిపే ఆమెనో పిలువు. ఉపన్యాసం వద్దు. వాళ్ల ఖాతా పుస్తకం తెరిచి, ఒక నెల అప్పు, వడ్డీ, మిగులు చూపించమను. మగపిల్లలూ కూర్చుని వినాలి.

మార్కులు లాభాన్ని బట్టి వేయకు. ధర ఎందుకలా పెట్టారో, మిగిలిన సరుకు ఏం చేశారో ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడిగి వెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ