1420 దగ్గర కదలని ఆ గీత హైడ్రోజన్ కాదు

తమ్ముడూ, కావలిలో డాబా మీద డిష్ పెట్టి 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర చూస్తుంటే సన్నని గీత ఒకటి పోవడం లేదన్నావు. డిష్ ఎటు తిప్పినా అక్కడే ఉందంటే అది ఆకాశానిది కాదు. పాలపుంతలోని హైడ్రోజన్ వాయువు రేడియో తరంగాలు పంపేదీ ఈ ఫ్రీక్వెన్సీ దగ్గరే, కానీ అది స్క్రీన్ మీద వెడల్పాటి గుట్టలా వస్తుంది, దిక్కు మారితే జరుగుతుంది.

ముందు యాంటెన్నా తీసేసి దాని చోట 50 ఓమ్‌ల టెర్మినేటర్ (బయటి సిగ్నల్ లోపలికి రాకుండా మూసే చిన్న బిరడా) బిగించు. గీత అలాగే ఉంటే తప్పు రిసీవర్‌లోనో లాప్‌టాప్‌లోనో ఉంది. చార్జర్ పీకి బ్యాటరీ మీద చూడు. టెర్మినేటర్ పెట్టగానే గీత పోతే మాత్రం అది యాంటెన్నా ద్వారా బయటి నుంచి వస్తున్నట్టే. ఒంగోలులో నాకూ నెలరోజులు ఇదే టెన్షన్. ఒకరాత్రి మెట్ల కింద సీసీ కెమెరాల రికార్డర్ ప్లగ్గు పీకాను, స్క్రీన్ మీద గీత టక్కున మాయమైంది. దాన్ని దూరపు గదిలోకి మార్చాను, అంతే.

ఇంట్లో మెయిన్ ఆపినా, లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉన్నా గీత పోకపోతే మాత్రం వదలకు. 1400–1427 మెగాహెర్ట్జ్‌లో ఎవరూ ప్రసారం చేయకూడదని అంతర్జాతీయ నిబంధన. స్మోస్, స్మాప్ ఉపగ్రహాలు నేలలో తేమ కొలిచేది ఇక్కడే. దొంగ సిగ్నల్ కలిస్తే తడి నేల కూడా పొడిగా లెక్కకొస్తుంది. మన మెట్ట రైతుకి అది చిన్న విషయం కాదు. తేదీ, టైము, డిష్ దిక్కు, స్క్రీన్‌షాట్లతో కేంద్ర టెలికాం శాఖ వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్‌కి రాయి.

టెర్మినేటర్ పెట్టాక ఏం కనిపించిందో ఇక్కడ చెప్పు.